చేతిలో ఇమిడే కంప్యూటరు: ఆటకా, చదువుకా?

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల విద్యార్థులలో కొందరి చేతులలో నేడు ఒక క్రొత్త యంత్రం కనిపిస్తున్నది. అది చేతిలో ఇమిడే గేమింగ్ కంప్యూటరు. 2022లో వాల్వ్ సంస్థ ‘స్టీమ్ డెక్’ను విడుదల చేసింది. 2023లో ఏసుస్ సంస్థ ‘ఆర్‌ఓజీ అలై’ని మన దేశంలో 69,990 రూపాయలకు ప్రవేశపెట్టింది.

పెద్దలు దీనిని ఆటబొమ్మ అంటారు. యువకులు సంపూర్ణమైన కంప్యూటరు అంటారు. ఇరువురి మాటలోనూ సగం సత్యమున్నది. 608 గ్రాముల ‘అలై’లో విండోస్ 11 పనిచేస్తుంది. కీబోర్డు, పెద్ద తెర తగిలిస్తే ప్రోగ్రాములు వ్రాయవచ్చును; ఉర్దూలోనైనా, తెలుగులోనైనా వ్యాసం టైపు చేయవచ్చును. అయితే ఆ రెండూ వేరుగా కొనవలసినవే. ఏడంగుళాల తెరపై గంటలకొద్దీ చదవడం కన్నులకు శ్రమ. పెద్ద ఆటలు ఆడితే బ్యాటరీ రెండు గంటలు నిలవడమే కష్టం.

ఇంటిల్లిపాదికీ ఒక్క కంప్యూటరు కొనగల స్తోమతు మాత్రమే ఉన్నచోట తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ దానిపైనే చదువుకోవాలి. కనుక మొదట ల్యాప్‌టాపు కొనడమే వివేకమని మా అభిప్రాయం. ఇదివరకే ఈ యంత్రం కొన్నవారు దానిని ఆటకే పరిమితం చేయరాదు. కమిటీవారు నిషేధానికి బదులు సాయంకాలాలలో కంప్యూటరు గదిని తెరచి, కీబోర్డులూ తెరలూ అందుబాటులో ఉంచాలని మా విన్నపం. కొన్నవారికి అది చదువు దారి. కొనలేనివారికి అదే ఏకైక ఆధారం.