అక్కడ టైమెంత?

రాత్రి తొమ్మిది గంటలు. ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో ఫోన్లు మోగే వేళ. దుబాయ్‌లో అప్పుడు ఏడున్నర. పని నుంచి వచ్చి, స్నానం చేసి, క్యాంపులో పొయ్యి మీద బియ్యం పెట్టి ఇంటికి ఫోన్ కలిపే సమయం. అదే మనిషి సింగపూర్‌లో ఉంటే? అక్కడ పదకొండున్నర. తెల్లారి డ్యూటీ కాబట్టి ఈపాటికి గాఢనిద్రలో ఉంటాడు. అందుకే సింగపూర్ వాళ్లింట్లో ఏడు దాటకముందే మాటలన్నీ అయిపోవాలి. పక్కనే ఉన్న దుబాయ్ వాళ్లింట్లో అన్నాలు తిన్నాకే అసలు ఎదురుచూపులు మొదలవుతాయి. ఇద్దరిదీ ఒకే వాడ, గడియారాలే వేరు!

వలసలకు పేరుపడ్డ కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఈ లెక్కలు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ కూడా వేళ్ల మీద చెప్పేస్తుంది. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. రియాద్, కువైట్, దోహా రెండున్నర గంటలు వెనక. సింగపూర్, కౌలాలంపూర్ రెండున్నర గంటలు ముందు.

ఈ సింగపూర్ గడియారానికి ఓ కథ ఉంది. 1981 వరకూ అది మనకంటే రెండు గంటలే ముందుండేది. 1982 జనవరి 1న మలేసియా తన తూర్పు రాష్ట్రాలైన సబా, సరవాక్‌లతో సమానంగా పశ్చిమ భాగం గడియారాన్ని అరగంట ముందుకు జరిపింది. ఇరుగుపొరుగు వ్యాపారాలకు ఇబ్బంది లేకుండా సింగపూరూ అదే బాట పట్టింది. అందుకే అక్కడ ఏడాది పొడవునా సూర్యుడు వచ్చేసరికి ఏడవుతుంది. ఆరింటికి బయల్దేరే కూలీకి ఇంకా చీకటే. ఆ మాటకొస్తే సూర్యుడు కామారెడ్డి కంటే ఎల్లారెడ్డికి కూడా నిమిషం ఆలస్యంగానే వస్తాడు. కాకపోతే దానికోసం గడియారం మార్చుకోవాల్సిన పనిలేదు.

గంటల తేడా సరే, వారాల తేడా మరో తలనొప్పి. సౌదీ, కువైట్, ఖతార్‌లలో సెలవంటే శుక్రవారం. నాన్నకు తీరిక దొరికిన రోజున పిల్లలు బడిలో ఉంటారు. పిల్లలకు సెలవైన ఆదివారం ఆయన డ్యూటీలో ఉంటాడు. ఎమిరేట్స్‌లో ఎండాకాలం ఆరుబయట పనులకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు విరామం ఇవ్వాలని నిబంధన. మాట్లాడటానికి మంచి సమయమే. కానీ అప్పుడు మనకు రెండు నుంచి నాలుగున్నర. మళ్లీ బడే!

ఈ ఒక్క విషయంలో సింగపూర్ ఇల్లే నయం. అక్కడా చాలామందికి సెలవు ఆదివారమే. ఆ రోజు సాయంత్రం లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డు మన తిరునాళ్లను తలపిస్తుంది. ఆ సందడి మధ్య నుంచే వీడియో కాల్. వెనకాల కూరగాయల దుకాణాలు, పూలదండలు కనిపిస్తుంటే పిల్లలు ఒకటే ప్రశ్నలు.

గల్ఫ్ ఇంట్లో పాపకు తొమ్మిదింటికే నిద్ర ముంచుకొస్తుంది. “పండుకో బిడ్డా, డాడీ ఇంకా డ్యూటీల ఉన్నడు” అంటుంది అమ్మ. అయినా ఫోన్ దిండు పక్కనే ఉండాలి. పొద్దున బడి బస్సు వచ్చేలోపు వాయిస్ మెసేజ్‌లో తన మార్కులు, పోయిన పెన్సిలు, ఈనిన బర్రె ముచ్చట్లన్నీ గబగబా చెప్పేస్తుంది. ఆయన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వింటాడు. దూడ ఏ రంగుదో చెప్పడం మాత్రం పాప మర్చిపోయింది.