ఆర్‌సీఎం వేరు, క్రిస్టియన్స్ వేరా? పోప్ టర్కీ పర్యటనతో మళ్లీ ముందుకొచ్చిన పాత ప్రశ్న

"వాళ్లు క్రిస్టియన్స్ కాదండీ, ఆర్‌సీఎం వాళ్లు." తెలుగు ఊళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. అటువైపు నుంచి "మాదే అసలు చర్చి, మిగతావాళ్లంతా మధ్యలో వచ్చినవాళ్లు" అనే మాటా వినిపిస్తుంది. పెళ్లి సంబంధం దగ్గర, బాప్తిస్మం దగ్గర ఈ మాటలే గొడవలవుతాయి. ఇంతకీ కేథలిక్ చర్చికి, మొత్తం క్రైస్తవానికి ఉన్న సంబంధం ఏంటి? పోప్ లియో 14 తొలి విదేశీ పర్యటన ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది.

నైసియాలో ఏం జరిగింది?

2025 నవంబర్ 28న పోప్ టర్కీలోని ఇజ్నిక్ వెళ్లారు. పాత పేరు నైసియా. సరిగ్గా 1700 ఏళ్ల కిందట, క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ బిషప్పులందరినీ అక్కడికి పిలిపించారు. యేసు దేవుడా, లేక దేవుడు సృష్టించిన వ్యక్తా అన్నది అప్పటి వివాదం. రెండోది ఆరియస్ అనే మతగురువు వాదన. సభ దాన్ని తోసిపుచ్చి, యేసు నిజ దేవుడేనని తేల్చింది. అదే నైసియా విశ్వాస ప్రమాణం.

ఇప్పుడు అదే చోట, సరస్సు ఒడ్డున ఉన్న పాత చర్చి శిథిలాల దగ్గర పోప్, ఆర్థడాక్స్ పాట్రియార్క్ బర్తలోమ్యూ కలిసి ప్రార్థన చేశారు. అంతకు నెల ముందు, అక్టోబర్ 23న బ్రిటన్ రాజు చార్లెస్ వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో పోప్‌తో కలిసి ప్రార్థించారు. చర్చి ఆఫ్ ఇంగ్లండ్‌కు అధిపతి ఆయనే. దాదాపు 500 ఏళ్లలో ఇంగ్లండ్ రాజు, పోప్ ఇలా బహిరంగంగా కలిసి ప్రార్థించడం ఇదే మొదటిసారి.

అసలు లెక్క ఇదీ

ప్రపంచంలో క్రైస్తవులు సుమారు 230 కోట్లు. అందులో కేథలిక్కులు సుమారు 140 కోట్లు. అంటే సగానికి పైనే. కేథలిక్కులను పక్కనపెడితే క్రైస్తవంలో సగం కూడా మిగలదు. అలాగని కేథలిక్ చర్చే మొత్తం క్రైస్తవం అనడానికీ లేదు.

చీలికలు ఒక్కసారిగా రాలేదు. 451లో జరిగిన చాల్సిడాన్ సభ నిర్ణయాన్ని ఒప్పుకోని ఈజిప్ట్, అర్మేనియా, సిరియా చర్చిలు విడిపోయాయి. 1054లో రోమ్, కాన్‌స్టాంటినోపుల్ ఒకరినొకరు వెలివేసుకున్నాయి. ఆ వెలివేతను వెనక్కి తీసుకోవడానికి 900 ఏళ్లు పట్టింది, 1965 డిసెంబర్‌లో అది జరిగింది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ తిరగబడ్డారు. 1534లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ పోప్ అధికారాన్ని కాదన్నారు. బాప్టిస్టులు, మెథడిస్టులు, పెంతెకోస్తులు ఆ తర్వాత వచ్చినవాళ్లు.

ఇంకో విషయం. కేథలిక్ అంటే రోమన్ ఆచారం ఒక్కటే కాదు. పోప్ కింద 24 చర్చిలున్నాయి. కేరళకు చెందిన సిరో మలబార్, సిరో మలంకర అందులోవే. సిరో మలబార్ చర్చికి మన శంషాబాద్ కేంద్రంగా 2017 నుంచి ఒక పీఠం కూడా ఉంది.

తేడాలు ఎక్కడ?

త్రిత్వం, యేసు మరణం, పునరుత్థానం, రాకడ.. వీటిలో కేథలిక్కులకు, లూథరన్లకు, సీఎస్ఐ వాళ్లకు తేడా లేదు. పోప్ అధికారం, మరియమాత స్థానం, పునీతుల ప్రార్థన, దివ్యసత్ప్రసాదం దగ్గర దారులు వేరవుతాయి. కేథలిక్ బైబిల్‌లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66.

మాటలు కూడా వేరే. ఒకరిది జ్ఞానస్నానం, ఇంకొకరిది బాప్తిస్మం. ఒకరిది పవిత్రాత్మ, మరొకరిది పరిశుద్ధాత్మ. ఇక్కడ ఫాదర్ గారు, అక్కడ పాస్టర్ గారు. వింటే రెండు మతాలేమో అనిపిస్తుంది. కానీ చాలావరకు ఒకే విషయానికి రెండు పేర్లు. కేథలిక్ అనే మాటకు గ్రీకులో అర్థం సార్వత్రికం. తెలుగు ప్రొటెస్టెంట్ చర్చిల్లో చెప్పే విశ్వాస ప్రమాణంలో 'సార్వత్రిక సంఘం' అన్నది ఆ మాటకు అనువాదమే.

మరియమాతను పూజిస్తున్నారా?

ఎక్కువ మంది అడిగేది ఇదే. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల కొండకు లక్షల మంది వెళ్తారు. దాన్ని విగ్రహారాధన అంటారు పెంతెకోస్తు బోధకులు. ఆరాధన దేవుడికే, తల్లికి గౌరవం మాత్రమే అంటుంది కేథలిక్ బోధ. 2025 నవంబర్ 4న వాటికన్ ఒక పత్రం ఇచ్చింది. మరియను యేసుతో పాటు 'సహ రక్షకురాలు' అనడం సరికాదని అందులో చెప్పింది. రక్షకుడు క్రీస్తు ఒక్కడే అని తేల్చింది. భక్తిని ఆపమనలేదు, హద్దు గీసింది.

పెద్ద గొడవల్లోనూ కొంత తగ్గుదల ఉంది. మనిషికి రక్షణ విశ్వాసం వల్లనా, క్రియల వల్లనా అన్నది లూథర్ కాలం నాటి ప్రధాన తగాదా. దానిపై 1999 అక్టోబర్ 31న లూథరన్లు, కేథలిక్కులు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. తర్వాత మెథడిస్టులు, ఆంగ్లికన్లు కూడా చేరారు.

మన ఊళ్లకు ఎలా వచ్చింది?

తెలుగు నేలకు ఈ శాఖలన్నీ వేర్వేరు మిషన్లతో వచ్చాయి. 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు. 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్ట్ మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. అది ఇప్పుడు సీఎస్ఐది. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్ట్ తదితర శాఖలు కలిసి ఏర్పాటు చేసుకున్నదే సీఎస్ఐ. అంటే విడిపోవడమే కాదు, కలవడం కూడా ఇక్కడ జరిగింది.

కేథలిక్ వైపు చూస్తే, కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. ప్రపంచంలో తొలి దళిత కార్డినల్ ఆయనే. 2025 మేలో పోప్ లియోను ఎన్నుకున్న 133 మందిలో ఆయన ఒకరు.

అసలు చిక్కు పెళ్లి దగ్గర

కేథలిక్ అమ్మాయి సీఎస్ఐ అబ్బాయిని చేసుకోవాలంటే చర్చి చట్టం ప్రకారం బిషప్ అనుమతి కావాలి. బాప్తిస్మం లేని వ్యక్తినైతే ఉత్త అనుమతి చాలదు, ప్రత్యేక మినహాయింపు కావాలి. ఈ రెండింటి మధ్య తేడా చూడండి. ప్రొటెస్టెంట్ కూడా క్రైస్తవుడేనని కేథలిక్ చట్టమే ఒప్పుకుంటోంది. నీళ్లతో, తండ్రి కుమార పవిత్రాత్మ నామంలో జరిగిన బాప్తిస్మాన్ని అది గుర్తిస్తుంది, మళ్లీ ఇవ్వదు.

అటువైపు పరిస్థితి వేరు. చిన్నప్పుడు ఇచ్చిన జ్ఞానస్నానాన్ని బాప్టిస్టులు, చాలా పెంతెకోస్తు సంఘాలు లెక్కలోకి తీసుకోవు, మళ్లీ నీళ్లలో ముంచి ఇస్తాయి. 'కేథలిక్కులు క్రైస్తవులు కాదు' అనే మాటకు మూలం చాలావరకు ఇక్కడుంది.

కేథలిక్ వైపూ తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు. ఇతరులకు మామూలుగా సత్ప్రసాదం ఇవ్వరు. ప్రొటెస్టెంట్ సంఘాలను పూర్తి అర్థంలో చర్చిలు అనలేమని 2000లో వాటికన్ చెప్పింది. ఆ మాట చాలామందిని నొప్పించింది.

చట్టం ఏమంటుంది?

సర్కారు దగ్గర ఈ తేడాలేవీ నడవవు. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ దళితులకే. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందకు వస్తారు, వాటా 1 శాతం. కేథలిక్ అయినా, బాప్టిస్ట్ అయినా, పెంతెకోస్తు అయినా అదే సర్టిఫికెట్. ఎస్సీ హోదా కావాలన్న డిమాండ్‌లో అందుకే అన్ని శాఖలూ ఒకే మాట మీదున్నాయి.

సింపుల్‌గా చెప్పాలంటే క్రైస్తవం ఓ పెద్ద కుటుంబం, కేథలిక్ చర్చి అందులో అందరికంటే పెద్ద శాఖ. ఆస్తి తగాదాలున్న అన్నదమ్ముల్లా ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేయకపోవచ్చు, ఇంటిపేరు మాత్రం ఒకటే. 2025లో ఈస్టర్ తూర్పు, పడమర చర్చిలకు ఒకే రోజు, ఏప్రిల్ 20న వచ్చింది. 2026లో మళ్లీ వేరు: ఒకరికి ఏప్రిల్ 5, మరొకరికి 12. నైసియా సభ ఈస్టర్ అందరికీ ఒకే రోజు ఉండాలని కోరుకుంది. 1700 ఏళ్ల తర్వాత కూడా ఆ తేదీ కుదరలేదు. ఇజ్నిక్‌లో కలిసి ప్రార్థించిన పెద్దలు నిజంగా ఎంత దగ్గరయ్యారో ఇకపై చెప్పేది ఆ క్యాలెండరే.