అడ్డగాలిలో మూడుసార్లు

మా ఎదురింటి అమ్మాయి పైలట్ శిక్షణలో ఉంది. పండక్కి ఇంటికొచ్చి, చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రోజు అడ్డగాలి విసురుగా ఉందట. మూడుసార్లు రన్‌వే మీదికి దిగబోయి, కుదరక మూడుసార్లూ పైకి లేపేసింది. నాలుగోసారి దించింది. విమానం మీద చిన్న గీత కూడా పడలేదు. అయినా హ్యాంగర్ దగ్గర తోటివాళ్లు నవ్వారు. ‘ఇంత భయమైతే ఈ చదువెందుకు’ అన్నాడొక సీనియర్. వారం రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు.

నవ్వినవాళ్లకు గాలి లెక్క తెలియదా? శిక్షణలో వాడే సెస్నా 172 బరువు నిండా ఎక్కించినా 1,100 కిలోల పైచిలుకు, ఓ కారంత. దిగేటప్పుడు వేగం 65 నాట్లు. పక్కనుంచి 15 నాట్ల గాలి కొడితే, అది దాని వేగంలో దాదాపు నాలుగో వంతు. 140 నాట్లతో దిగే ఎయిర్‌బస్‌కు అదే గాలి పదో వంతు. కంపెనీ పైలట్లు దించి చూపించినట్టు సెస్నా పుస్తకంలో రాసుకున్నదీ ఆ 15 నాట్లే.

బేగంపేటలో పడమటి ముఖంగా 27 రన్‌వే మీదికి వస్తున్నారనుకోండి. ‘గాలి 210 డిగ్రీలు, 12 నాట్లు, గస్ట్ 25’ అంటుంది టవర్. 12కి లెక్కేస్తే అడ్డంగా తగిలేది 10 నాట్లే, ఫరవాలేదనిపిస్తుంది. గస్ట్, అంటే ఉన్నట్టుండి విసిరే గాలి, కొట్టిన క్షణాన అది 22. ఆ క్షణం నేలకు మూడడుగుల ఎత్తులో ఉండగానే రావచ్చు.

గాలి ఎడమనుంచి గనక ఎడమ రెక్క కాస్త వంచాలి. కుడికాలితో రడ్డర్ తొక్కి ముక్కును నడిగీత మీద నిలపాలి. ముందు ఎడమ చక్రం ఆనాలి, తర్వాత కుడిది, చివర ముక్కు చక్రం. మొదటి చక్రం ఆనగానే హమ్మయ్య అనుకుని చేతులు వదులు చేస్తారు చూడండి, అక్కడే విమానం గడ్డిలోకి దూకుతుంది. వేగం తగ్గేకొద్దీ కంట్రోలు గాలివైపు ఇంకా తిప్పుతూనే ఉండాలి, పూర్తిగా ఆగేదాకా. దించేటప్పుడు ఇందులో ఏది కుదరకపోయినా మందు ఒక్కటే: పవర్ మొత్తం ఇచ్చి లేచిపోవడం. ఆ అమ్మాయి చేసింది అదే. ఎన్ని ల్యాండింగులు చేశావని అందరూ అడుగుతారు, ఇలా లేచిపోయే గో అరౌండ్లు ఎన్ని చేశావని ఒక్కరూ అడగరు. మర్నాటి బ్రీఫింగులో అందరి ముందూ ఆమెను నిలబెట్టి ‘ఇలా చేయాలి’ అని ఇన్‌స్ట్రక్టర్ చెప్పాల్సింది.

అసలు ఈ అడ్డగాలి బాధ సగం మనం కొనితెచ్చుకున్నదే. తొలినాళ్లలో విమానాలు విశాలమైన గడ్డి మైదానాల్లో, గాలి ఎటునుంచి వస్తే అటు ఎదురెళ్లి దిగేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ స్థావరాలకు త్రిభుజంలా మూడేసి రన్‌వేలు వేశారు. ముంబయిలో ఇప్పటికీ రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మన జిల్లాలకు మాత్రం ఒంటి రన్‌వే చాలనుకుంటున్నారు. వరంగల్ మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుస్తామంటే సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఎన్ని ఎకరాలు, టెర్మినల్ ఎలా ఉంటుంది అన్నవే చర్చలు. శిక్షణ విమానాల కోసం అడ్డంగా ఇంకో చిన్న రన్‌వే వేద్దామన్న మాట నా చెవిన పడలేదు. సెస్నాకు 800 మీటర్లు ఎక్కువే. ఆపాటి దారి కూడా వేయలేని మనకు, మూడుసార్లు లేచిన పిల్లను చూసి నవ్వే హక్కు లేదు.