చిప్ ఒక్కటే.. పేర్లు మూడు!

‘మీ ల్యాప్‌టాప్ ఆర్కిటెక్చర్ ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది తడుముకోకుండా ‘64 బిట్ సార్’ అంటారు. తప్పేం కాదు. కానీ లినక్స్ కెర్నల్‌ను ప్యాకేజీగా తయారుచేసే పనిలో ఆ జవాబు చాలదు. అదే ప్రాసెసర్‌ను ‘యునేమ్ -ఎం’ కమాండ్ ఎక్స్86_64 అంటుంది. డెబియన్, ఉబుంటులు ఏఎండీ64 అంటాయి. కెర్నల్ సోర్స్‌లో ఫోల్డర్ పేరేమో ఉత్త ఎక్స్86! ఇంటెల్ చిప్ కొన్నవాళ్లకు ఏఎండీ పేరు కనిపిస్తే కంగారు సహజమే. ఈ 64 బిట్ పద్ధతిని రూపొందించి, 2003లో ఆప్టెరాన్‌తో మార్కెట్లోకి తెచ్చింది ఏఎండీ. అప్పట్లో ఇటానియంపై ఆశలు పెట్టుకున్న ఇంటెల్ తర్వాత ఇదే దారికి వచ్చింది.

ఆర్మ్ వైపూ ఇదే తంతు. కంపెనీ పెట్టిన పేరు ఏఆర్చ్64. 2012లో కెర్నల్‌లో చేరేటప్పుడు ఆ పేరు నచ్చని డెవలపర్లు ఫోల్డర్‌ను ఆర్మ్64గా మార్చేశారు. అందుకే క్రాస్ కంపైల్ చేసేటప్పుడు ఒకే లైన్లో ‘ఆర్చ్’కు ఆర్మ్64 అనీ, కంపైలర్‌కు ఏఆర్చ్64 అనీ రాయాలి. తారుమారైతే బిల్డ్ మొదట్లోనే ఆగిపోతుంది. ఒక రకంగా అదే మేలు.

అసలు చిక్కు ఆగకుండా సాగిపోయే తప్పుతోనే. డెబియన్ ప్యాకేజీ కట్టే స్క్రిప్ట్ మెషిన్ పేరు చూసి దానికి డెబియన్ పేరు వెతుకుతుంది. దొరక్కపోతే ఓ హెచ్చరిక ఇచ్చి, బిల్డ్ చేస్తున్న కంప్యూటర్ పేరే తగిలిస్తుంది. వేల లైన్ల మధ్య ఆ హెచ్చరిక ఎవరి కంటపడుతుంది? బిల్డ్ ‘సక్సెస్’. తీరా చూస్తే లోపల వేరే ప్రాసెసర్ కెర్నల్, పైన ఏఎండీ64 లేబుల్. అసలు బోర్డు దాన్ని వద్దంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇన్‌స్టాల్ అవుతుంది, కాకపోతే బూట్ కాదు. ‘కేబిల్డ్_డెబ్ఆర్చ్’ వేరియబుల్‌తో సరైన పేరు మనమే ఇస్తే ఈ తిప్పలుండవు.

మన కాలేజీ ల్యాబుల్లో మెషిన్లన్నీ దాదాపు ఒకే రకం. ఈ పేర్ల తకరారు విద్యార్థికి ఎదురే కాదు. ఎంబెడెడ్ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఎదురవుతుంది. కోచింగ్ సెంటర్లేమో కమాండ్లు రాయించి వదిలేస్తున్నాయి. ఒక్కసారి ఆర్మ్64కు కెర్నల్ కట్టి, ‘డీపీకేజీ --ఇన్ఫో’తో ఆర్కిటెక్చర్ లైన్ చూడండి. బోర్డు కొనక్కర్లేదు. డిస్కులో కాస్త ఖాళీ, ఒక ఆదివారం ఉంటే చాలు.