మన బరువు మనకు బంగారం

ఈ నెల గోడపత్రికకు పొడుపుకథలు రాస్తానని పేరు ఇచ్చాను. కాని ఒక సంగతి చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను. నా మీద కోపం వచ్చినా మంచిదే, చివరిదాకా చదవండి.

మొన్న ప్రేయర్‌లో మన క్లాసు అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. ఎండ దెబ్బ అనుకున్నాం. ఏఎన్ఎం మేడం ఒంటరిగా కూచోబెట్టి అడిగితే అప్పుడు నిజం చెప్పింది. పదిహేను రోజుల నుంచి రాత్రి అన్నం తింటలేదు. ప్లేట్ల బువ్వ పెట్టించుకొని పక్కవాళ్ళకు వేసేది. గుడ్డు నా ప్లేట్ల వేసింది. నేను సంతోషంగా తిన్న. ఎందుకే అంటే "ఒక్కపొద్దు" అనేది. సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. వారానికి ఇన్ని ఒక్కపొద్దులు ఏ దేవుడు అడుగుతడు? మాకెవ్వరికీ అనుమానం రాలేదు. రక్తం పరీక్ష చేస్తే 9 వచ్చింది. మన వయసు ఆడపిల్లలకు 12 అన్నా ఉండాలి.

ఆమె తిండి ఎందుకు మానేసిందో నాకు తెలుసు. దసరా సెలవుల తర్వాత ఆమెను "బస్తా" అని మొదట పిలిచింది నేనే. నవ్వులాటకు అన్నాను. తర్వాత అందరూ అదే పేరుతో పిలిచారు. ఆమె కూడా నవ్వేది, అందుకే ఆమెకు బాధ లేదనుకున్నాను. దవాఖాన నుంచి వచ్చినాక క్షమాపణ అడిగాను. ఆమె సరే అన్నాకనే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

నేను ఏటూరునాగారం దిక్కు కోయ ఊరి పిల్లను. మా ఇంట్ల బడికి పోయిన మొదటిదాన్ని నేనే. మా దిక్కు గోదావరి నీళ్ళు దేవాదుల పైపుల్లో ధర్మసాగర్ చెరువుకు వస్తాయి, నేను బస్సులో వచ్చాను. మా నాయినమ్మ చిన్నప్పుడు వానాకాలం గింజలు అయిపోతే ఇప్పపువ్వు ఉడకబెట్టుకొని, అడవిలో గడ్డలు తవ్వుకొని తిన్నారంట. వాళ్ళు లేక పస్తులున్నారు. మనం ప్లేటు ముందర పెట్టుకొని పస్తులుంటున్నాం. ఇది తలుచుకుంటే నాకు ఏడుపు వచ్చింది. కాని ఈ మాట చెప్పి ఆమెను తిట్టాలని కాదు. తిడితే ఇంకా దాచిపెడతది.

ఏఎన్ఎం మేడం మాకు రెండు జబ్బుల గురించి చెప్పింది. ఒకటి అనొరెక్సియా. ఆ జబ్బు వస్తే ఎంత బక్కగ ఉన్నా లావుగానే ఉన్నాననిపిస్తది, తిండి అంటే భయమైతది. రెండోది బులీమియా. ఒక్కసారే ఎక్కువ తిని, మళ్ళీ భయపడి కావాలని కక్కుకుంటారు. ఇవి పొగరు కాదు, నాటకం కాదు. మనసుకు వచ్చే జబ్బులు, వైద్యం ఉంది. మన నేస్తానికి అంతదాకా రాలేదు. కాని కొందరికి తిండి మానడంతోనే మొదలైతదంట. పట్నం పిల్లల రోగం, మనకేంది అనుకోవద్దు. పట్నం పిల్లలు చూసే ఫోన్లే మనం సెలవుల్లో చూస్తున్నాం. అందులో ముఖం సన్నగా, తెల్లగా చేసి చూపిస్తారు. ఆ ముఖం ఆ మనిషికి కూడా లేదు.

ఆర్తి అగర్వాల్ అనే హీరోయిన్ మన అమ్మలకు తెలుసు. "నువ్వు నాకు నచ్చావ్" సినిమాలో చేసింది. 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్ళకే చనిపోయింది. దానికి కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుందని పేపర్లలో వచ్చింది. ఆపరేషన్ వల్లనే చనిపోయిందని నేను అనను, నేను డాక్టరును కాను. కాని అంత అందమైన మనిషికి కూడా తన ఒళ్ళు తనకు చాలలేదా అని బాధ అయింది.

తిండి మానేస్తే కొవ్వు ఒక్కటే కరగదు. కండ కరుగుతది, జుట్టు ఊడుతది, చలి పెడుతది, నెలసరి ఆగిపోతది, చదివింది గుర్తుండదు. మన వయసులో ఎముకలు గట్టిపడాలి. ఆడపిల్ల ఎదిగేటప్పుడు బరువు పెరగడం తప్పు కాదు, పెరగాలి. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ మగపిల్లలకు రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడపిల్లలకు 30 కావాలి. ఇంట్ల మగపిల్లలకు ముందు పెట్టి మనకు మిగిలింది పెడతారు, లెక్క చూస్తే మనకే ఎక్కువ కావాలి! 2019-21 సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉంది. అందుకే వారానికోసారి ఇచ్చే నీలం మాత్రను కిటికీలోంచి పారేయకండి. తోటకూర పప్పు వచ్చినరోజు ముఖం తిప్పుకోకండి. అన్నం తిన్నవెంటనే చాయ్ తాగకండి, తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

మరి లావు ఎక్కువైనా జబ్బే కదా అని ఒక అక్క అడిగింది. నిజమే. చిప్సు, కూల్‌డ్రింకు తగ్గిద్దాం, రోజూ ఆడుదాం. అన్నం మానడం మాత్రం దానికి మందు కాదు.

ఆట అంటే యాదికొచ్చింది. మన వరంగల్ జిల్లా కల్లెడ ఊరి దీప్తి జీవాంజి అక్కను చిన్నప్పుడు రూపం చూసి ఊళ్ళో వెక్కిరించారని వాళ్ళ అమ్మ పత్రికలవాళ్ళకు చెప్పింది. ఆ అక్క 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు, మనలాగే గురుకులంలో చదివింది. బువ్వ తినకుండా అంత దూరం ఉరకగలమా, అంత ఎత్తు ఎక్కగలమా? తిన్నది అరగదీయడానికి కాదు ఆట, ఒంట్ల బలం తెలుసుకోవడానికి.

అందుకే మూడు మాటలు అడుగుతున్నాను.

ఒకటి. బస్తా, పుల్ల, బర్రె, కట్టె అని ఎవరినీ పిలవొద్దు. నేను మానేశాను.

రెండు. నేస్తం రోజూ తినకపోతే, తిని కక్కుకుంటే ఏఎన్ఎం మేడంకు చెప్పాలి. అది చాడీ కాదు. మనసు బాగలేకుంటే టెలిమానస్ 14416 నంబరుకు పైసలు లేకుండా ఫోన్ చేయొచ్చు.

మూడు. ఇది పెద్దలకు. మేడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు గ్రౌండు చుట్టూ రౌండ్లు శిక్షగా వేయించకండి. శిక్ష అయితే ఇక ఆట మీద ప్రేమ ఎట్ల పుడుతది? బరువు తూచేటప్పుడు అంకె అందరికీ వినబడేటట్టు చదవకండి. పోయినసారి చదివితే వెనక వరుస నవ్వింది. అందులో నేనూ ఉన్నాను.

మా మేడారం జాతరలో కూడా తక్కెడ ఉంటది. మొక్కుకున్నవాళ్ళు అందులో కూచుంటారు. వాళ్ళ బరువెంతో అంత బెల్లం సమ్మక్క సారలమ్మలకు ఇస్తారు. ఆ బెల్లాన్ని మేము బెల్లం అనము, బంగారం అంటాము. నిలువెత్తు బంగారం! ఎవరి బరువు ఎక్కువైనా ఎవ్వరూ నవ్వరు. చిన్నప్పుడు నేను తక్కెడల కూచుంటే మా నాయినమ్మ "నా బిడ్డ బరువు పెరిగింది" అని అందరికీ చెప్పుకుంది.

నిన్న రాత్రి నా నేస్తం నా పక్కన కూచొని గుడ్డు తిన్నది. ఈసారి నా ప్లేట్ల వేయలేదు.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని