లాల్‌బాగ్ గాజు మేడలో మొక్కలు నాటండి

బెంగళూరు లాల్‌బాగ్‌లోని గ్లాస్‌హౌస్ ఏటా రెండుసార్లు వార్తల్లోకి వస్తుంది. జనవరి 26కి ఒకసారి, ఆగస్టు 15కి మరోసారి. అక్కడ జరిగే పూల ప్రదర్శనకు లక్షల మంది వస్తారు. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని తెల్లవారుజాము బస్సెక్కే కుటుంబాలూ అందులో ఉంటాయి. ప్రదర్శన ముగిశాక మళ్లీ ఆరు నెలల దాకా ఆ మేడకు చెప్పుకోదగ్గ పనేమీ ఉండదు. 1889 నవంబరు 30న బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగిన కట్టడమిది. దేశంలోని ఒక ప్రధాన వృక్షశాస్త్ర ఉద్యానం నడిబొడ్డున ఉన్న ఈ గాజు మేడను ప్రదర్శనల హాలుగానే వాడుకోవడం ఇక చాలించాలి. ఏడాది పొడవునా బతికే మొక్కలకు అందులో శాశ్వతంగా చోటివ్వాలి. కర్ణాటక ఉద్యాన శాఖ ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.

పూల ప్రదర్శనలో ఏముంటుందో దగ్గరగా చూడండి. 2022 ఆగస్టులో రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్‌ల స్మృతిలో ప్రదర్శన పెట్టారు. 2024 ఆగస్టులో అంబేద్కర్ జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకున్నారు. ఇనుప చట్రం కట్టి, దానికి తడి స్పాంజి అమర్చి, గులాబీలు, చామంతులు ఒక్కొక్కటే గుచ్చుతారు. ఆ పని చేసేవారి ఓపికకు, నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. కానీ కోసిన పువ్వు మూడో రోజుకే అంచులు నల్లబడుతుంది. దాన్ని పీకి ఇంకోటి గుచ్చాలి. చివరి రోజున అంతా బండికెక్కించి పారబోయాలి. ఈ రద్దీలో నాన్న భుజాల మీద నుంచి చూసిన పిల్లవాడికి రంగులు గుర్తుంటాయి. మొక్క ఎలా మొలుస్తుందో, నీడలో పెరిగేదానికీ ఎండలో పెరిగేదానికీ ఆకుల్లో తేడా ఏమిటో ఆ పిల్లవాడికి చూపించినవారు లేరు. వృక్షశాస్త్ర ఉద్యానం చేయాల్సిన మొదటి పనే అది.

గ్లాస్‌హౌస్ పుట్టిందే ప్రదర్శనల కోసమని, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి కట్టారని కొందరు వాదిస్తారు. అయితే ఆ క్రిస్టల్ ప్యాలెస్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. దాన్ని రూపొందించిన జోసెఫ్ పాక్స్టన్ వృత్తిరీత్యా తోటమాలి. ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్‌లో దక్షిణ అమెరికా రాక్షస కలువను పెంచి 1849లో పూయించినవాడు. ఆ కలువ కోసం ఇనుముతో, గాజుతో కట్టిన ఇంటి అనుభవమే 1851 నాటి క్రిస్టల్ ప్యాలెస్‌కు పునాది. మొక్కను బతికించడానికి కనిపెట్టిన నిర్మాణ పద్ధతిని మొక్కలకే తిరిగి ఇమ్మని అడగడంలో తప్పేముంది?

లాల్‌బాగ్ చరిత్ర కూడా ఈ కోరికనే బలపరుస్తుంది. 1760లో హైదర్ అలీ వేసిన తోటకు టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. 1874లో బాధ్యతలు చేపట్టిన జాన్ కామెరాన్ లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానంలో శిక్షణ పొందినవాడు. గ్లాస్‌హౌస్ వచ్చింది ఆయన హయాంలోనే. మెక్సికో ప్రాంతానికి చెందిన ఒక తీగను ఇక్కడికి తెచ్చి పెంచిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు. శనగపప్పు వేసి కూర వండుకునే, తొక్కుతో పచ్చడి నూరుకునే మన బెంగళూరు వంకాయ అదే. దూరం నుంచి వచ్చిన మొక్కను కుండీలో పెట్టి, గమనించి, వాతావరణానికి అలవాటు చేసి రైతు చేతికిచ్చే చోటుగా లాల్‌బాగ్ ఒకప్పుడు పనిచేసిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మొక్కల సేకరణ అంటే ఏమిటో తెలియాలంటే హౌరాలోని ఆచార్య జగదీశ్ చంద్రబోస్ ఉద్యానానికి వెళ్లాలి. అక్కడి పెద్ద తాళవన గృహంలో సీషెల్స్ దీవుల జంట కొబ్బరి చెట్టును 1894లో నాటారు. ప్రపంచంలోకెల్లా బరువైన గింజ ఆ జాతిదే. అందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. హౌరాలో నాటింది ఆడ చెట్టు. అది పూతకు రావడానికే దాదాపు వందేళ్లు పట్టింది. తోడుగా మగ చెట్టు లేకపోవడంతో శాస్త్రవేత్తలు విదేశాల నుంచి పుప్పొడి తెప్పించారు. ఒకసారి విఫలమయ్యారు. 2013లో మళ్లీ ప్రయత్నిస్తే కాయ కట్టింది. నాటినవారు ఆ పూత చూడలేదు. మధ్యలో పాలకులు మారారు, దేశం స్వతంత్రమైంది, అధికారులు ఎందరో వచ్చి వెళ్లారు. ఎప్పుడు నాటారో, ఎక్కడి నుంచి వచ్చిందో పుస్తకంలో రాసి ఉంది కాబట్టి, తరానికొకరు నీళ్లు పోస్తూ వచ్చారు కాబట్టి ఆ కాయ కట్టింది. పది రోజుల ప్రదర్శనతో ఇది సాధ్యమయ్యే పని కాదు.

ఖర్చు మాటేమిటని అడగవచ్చు. సింగపూర్‌లో 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే గాజు గుమ్మటాలను చల్లగా ఉంచడానికి పెద్ద యంత్రాంగమే కావాలి. షికాగోలో 1908 నుంచి నడుస్తున్న గార్ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీకి మంచు కాలమంతా వేడి అందించాలి. 2011 జూన్ 30న వడగళ్లు పడి దాని పైకప్పు అద్దాలు భళ్లున పగిలి ఫెర్న్ మొక్కల మీద కుప్పపడ్డాయి. నగరం వెనకడుగు వేయలేదు, గట్టి అద్దాలు వేసి మళ్లీ కట్టుకుంది. బెంగళూరుకు చల్లబరచడం, వేడి అందించడం అనే ఈ రెండు బాధలూ లేవు. సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. అక్కడ ఏసీ గుమ్మటం అక్కర్లేదు. పాత ఇనుప కట్టడాన్ని మూసేసి రూపు చెడగొట్టాల్సిన పని అసలే లేదు. వేసవి ఎండకు నీడ వల, పొద్దున సాయంత్రం సన్నటి తుంపర, అడుగున నీటి తొట్లు ఉంటే పడమటి కనుమల ఫెర్న్‌లు, ఆర్కిడ్లు, బిగోనియాలు అక్కడ నిక్షేపంగా పెరుగుతాయి. మేడ మొత్తం అడగడం లేదు. ఇరుపక్కల రెక్కలు మొక్కలకిచ్చి మధ్య హాలు పూల ప్రదర్శనకు ఉంచుకోవచ్చు.

అసలు ఖర్చు మనుషుల మీద పెట్టాలి. అక్కడే ప్రభుత్వాల చెయ్యి ముడుచుకుంటుంది. ఆర్కిడ్ వేరు కుళ్లుతోందని ఆకు రంగు చూసి చెప్పగల తోటమాలి కాంట్రాక్టు మీద ఏడాదికొకరు మారితే తయారుకాడు. ప్రతి మొక్క దగ్గర కన్నడంలో, ఇంగ్లిషులో పేరు పలక ఉండాలి. ప్రతి మొక్కకూ రిజిస్టరులో సంఖ్య, తెచ్చిన చోటు, తేదీ ఉండాలి. ఆ వివరాలు లేకపోతే అవి అలంకారానికి పెట్టిన కుండీలే, వాటిని సేకరణ అనలేం.

తెలుగు రాష్ట్రాలకూ ఇదే చెబుతున్నాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో గాజు గుమ్మటం కట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ముందు అందులో పెట్టే మొక్కల జాబితా, వాటిని చూసే మనుషుల జాబితా అడగాలి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్లకముందు పనిచేసింది మన సామర్లకోటలోనే. కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు కూడా రాసి పెట్టాడు. శేషాచలం కొండలకే పరిమితమై, అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన జాతుల జాబితాలో ఉన్న సైకస్ బెడ్డోమిని గుర్తుపట్టగల తెలుగు విద్యార్థులు ఈ రోజు ఎందరున్నారు? ఆ మొక్కకు గాజు మేడ అవసరం లేదు. పేరు పలకతో, కాపలాతో నగరంలో నాలుగు గజాల చోటిస్తే చాలు.

లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు టికెట్టు ఉంది. ఆ రాబడిలో ఇంత భాగమని నిర్ణయించి శాశ్వత సేకరణకే కేటాయిస్తూ కర్ణాటక ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చే జనవరి ప్రదర్శన చట్రాలు విప్పిన వెంటనే ఒక రెక్కలో తొలి మొక్కలు నాటాలి. ఆ నాటే పనికి, దాని రిజిస్టరుకు బాధ్యుడైన వృక్షశాస్త్రవేత్త పేరును ఈలోగానే ప్రకటించాలి.