దూడకు గాలి సోకిందంటారా?

కరువు ఏడాదిలో మన పల్లెల్లో తరచూ వినబడే మాట ఇది. పొద్దు గూకితే దూడ గోడకు, గుంజకు కొట్టుకుంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, ఎదురుగా ఉన్న తొట్టి కనబడదు. కొన్నాళ్లకు ఉన్నట్టుండి పడిపోయి కాళ్లు కొట్టుకుంటుంది. అప్పుడు చువ్వ కాల్చి వాతలు పెడతాం. మేమూ పెట్టినవాళ్లమే, దాచేదేముంది.

పడిపోయే దూడలన్నిటికీ కారణం ఒకటే కాదు. ధనుర్వాతం కావచ్చు, బి1 విటమిన్ లోపం కావచ్చు, పాత బ్యాటరీ నాకితే సీసం విషం ఎక్కి ఉండొచ్చు. తేల్చాల్సింది పశువైద్యుడే. కానీ నెలల తరబడి పచ్చిమేత ఎరగని కొట్టంలో ముందు అనుమానించాల్సింది ఎ విటమిన్ లోపాన్ని. పచ్చిమేతలో ఉండే కెరోటిన్ నుంచే ఆవు ఈ విటమిన్ తయారు చేసుకుంటుంది. వామిలో ఏడాదిగా ఎండిన చెనిక్కాయ కట్టెలో, వరిగడ్డిలో అది దాదాపు మిగలదు. తల్లి కాలేయంలో ఉన్న నిల్వ కొన్ని నెలలకే సరి. లోపం ముదిరితే దూడ మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి పెరుగుతుంది, మూర్ఛలు అందుకే. చూపు నరం వెళ్లే ఎముక రంధ్రం ఇరుకై నరం నలుగుతుంది. రేచీకటి, మూర్ఛలు వేళకు వైద్యం అందితే తగ్గుతాయి. నలిగిన నరం మాత్రం బాగుపడదు.

ఇందులో మన తప్పూ ఉంది. పుట్టిన దూడకు ఈ విటమిన్ అందేది ముర్రుపాల నుంచే. ఆ పాలతో మనం జున్ను వండి వీధంతా పంచుతాం. కోడెదూడ అయితే మరీ అన్యాయం, పాలన్నీ కేంద్రానికే పోస్తాం. కేంద్రం బాకీ, బ్యాంకు కంతు గుర్తుకొస్తే చెయ్యి ఆగదు, నిజమే.

అయినా అసలు ప్రశ్న ప్రభుత్వానికి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉండే అనంతపురంలో కరువంటే గడ్డి లారీ పంపడమేనా? గడ్డితో కడుపు నిండుతుంది, అంతవరకే. ఆ గడ్డితోపాటే చూడి ఆవులకు, చిన్న దూడలకు ఎ విటమిన్ మందు ఊరూరా ఉచితంగా ఇవ్వాలని మేము అడుగుతున్నాం. బోర్లలో నీళ్లున్న రైతులకు పచ్చిమేత విత్తనం ఇచ్చి, ఆ మేతను చూడి ఆవులున్న ఇళ్లకు కొనిపెట్టాలి.

అంతవరకు గట్టున ఉన్న అవిశ, మునగ రెమ్మలైనా చూడి ఆవుకు వేద్దాం. దూడ గోడకు కొట్టుకున్న మొదటి సాయంత్రమే పశువైద్యుడికి చెబుదాం, లేదా 1962కు ఫోన్ చేద్దాం. చువ్వ పొయ్యిలో పెట్టకముందే.